కీబోర్డు సన్నాయికి నత్తి ఎందుకొస్తోంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో మల్కాజ్‌గిరి పాఠకుడు ఒకరు రాసిన ఉత్తరం చదివాను. పెళ్లిళ్లలో సన్నాయి మేళం పోయి కీబోర్డులు దిగాయని, అందులోంచి వచ్చే సన్నాయి వింటుంటే పెళ్లికొడుకు మెడలో ప్లాస్టిక్ పూలదండ వేసినట్టుందని, అసలు దాన్ని మంటపం దరిదాపుల్లోకి రానివ్వకూడదని రాశారు. నాకు కోపం రావాలి, ఎందుకంటే ఆయన తిట్టింది నన్నే. పందొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ శ్రీమంతాలకీ కీబోర్డు మీద సన్నాయి వాయించి ఇల్లు నడుపుకుంటున్నవాణ్ణి. అయినా కోపం రాలేదు. ఆయన చెవి కరెక్టే, చెప్పిన కారణమే తప్పనిపించింది. అందుకే రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, కత్తిరించాల్సి వస్తే నా సొంత గోడు కత్తిరించండి, పని మాటలు మాత్రం ఉంచండి.

ఆ శబ్దం నకిలీ అంటారాయన. కీబోర్డులో ఉన్న సన్నాయి గాల్లోంచి ఊడిపడలేదండి, ఎవరో ఒక మనిషి స్టూడియోలో కూర్చుని నిజంగా ఊదితే, ఒక్కో స్వరం విడివిడిగా రికార్డు చేసి లోపల పెట్టారు. ఒకే మీట నొక్కి పట్టుకుంటాను, మీరు కళ్లు మూసుకుని వినండి, నిజం సన్నాయో కీబోర్డో చాలామంది చెప్పలేరు. రెండో మీట నొక్కగానే దొరికిపోతాను. ఆయన పూలదండ పోలికే తీసుకుంటే, పూలు అసలువే, దారమే లేదు.

ఇది నాకై నేను కనిపెట్టిన సంగతి కాదు. ఆరేళ్ల కిందట ఉప్పల్ దాటాక ఒక ఫంక్షన్ హాల్లో తెల్లవారుజాము ముహూర్తం. జీలకర్ర బెల్లం అయింది, పుస్తె కట్టడం అయింది, గట్టిమేళం అని అరుపులు అయిపోయి తలంబ్రాల దగ్గర పిల్లలు గోల చేస్తున్నారు, నేను నిద్ర ఆపుకుంటూ మోహన రాగంలో ఏదో తిప్పుతున్నాను. పెళ్లికూతురి తాతగారు, తెల్ల ధోతి, చేతిలో టీ కప్పు, స్పీకర్ పక్కనే చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నారు. బాగుందని చెప్పడానికి వస్తున్నారనుకున్నా. దగ్గరికొచ్చి, "ఏం తమ్మీ, నీ సన్నాయికి నత్తి ఉన్నదా?" అన్నారు.

"కీబోర్డు కదా తాతా, గంతే వస్తది" అన్నాను నవ్వుతూ. పక్కన డోలు వాయించే అతను కూడా నవ్వాడు, వాడి నవ్వే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆయన నవ్వలేదు. "గంతే వస్తదా? ఏదీ, నోటితోని తు తు తు తు అని నాలుగు స్వరాలు పాడు." పాడాను. "ఇప్పుడు ఒక్కటే తూ అను, ఊపిరి తెంపకుండ గా నాలుగూ పాడు." అదీ పాడాను. "మొదటిది గేటు కొట్టినట్టు లేదా? నువ్వు పొద్దటిసంది గేటే కొడుతున్నవు." తర్వాత తెలిసింది, ఆయన ముప్పై ఏళ్లు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించారట. అలా ప్రతి స్వరానికీ తు కొడితే మాస్టరు వెనకనుంచి వచ్చి వీపు మీద ఒకటి వేసేవాడట.

సంగీతం నేర్చుకున్నవాళ్లు దీన్ని తుత్తుకారం అంటారు. ఊపిరితో పలికే వాయిద్యం ఏదైనా, వేణువైనా నాదస్వరమైనా క్లారినెట్ అయినా, నాలుక తగిలితేనే అక్కడ కొత్త అక్షరం మొదలైనట్టు. నాలుక తగలకపోతే ఊపిరి నడుస్తూనే ఉంటుంది, వేళ్లు మాత్రం మారతాయి. కీర్తనలో మాట ఎక్కడ మొదలవుతుందో అక్కడ తుత్తుకారం, ఆ మాట సాగే చోటంతా ఒకే ఊపిరి. కీబోర్డు దగ్గరికొచ్చేసరికి రికార్డు చేసిన ప్రతి స్వరం నిశ్శబ్దంలోంచి తు అంటూ మొదలవుతుంది, ఎందుకంటే స్టూడియోలో అతను అలాగే ఊదాడు, అలాగే ఊదమన్నారు. ఇక నేను ఏ మీట నొక్కినా ముందు తు, తర్వాతే స్వరం. సరిగపద అని వాయిస్తే అయిదు తులు. అదే కీబోర్డులో పియానో పెట్టండి, గంట పెట్టండి, ఎవరూ వేలెత్తి చూపరు, ఎందుకంటే వాటికి ప్రతి స్వరమూ ఒక దెబ్బే. 1983లో వచ్చిన మిడి అనే పద్ధతి, ఈ పరికరాలన్నీ ఇప్పటికీ మాట్లాడుకునే భాష, అది కూడా పియానో మనసుతోనే పుట్టింది. ఏ మీట నొక్కాడు, ఎంత గట్టిగా నొక్కాడు, ఎప్పుడు వదిలాడు, ముఖ్యంగా ఇంతే అడుగుతుంది. ఊపిరి సంగతి అడగాలంటే పక్కదారిలో అడగాలి.

నిజం గొట్టంలో ఏం జరుగుతుందో చెబుతాను, ఇది తెలిశాకే నాకు మిగతాదంతా సులువైంది. క్లారినెట్ పొడవు దాదాపు 60 సెంటీమీటర్లు. అందులో అల ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లి తిరిగి రావడానికి మూడున్నర మిల్లీసెకన్లు పడుతుంది. వేలు ఎత్తి ఒక రంధ్రం తెరిస్తే గొట్టం పొట్టిదైనట్టే, కానీ కొత్త స్వరం ఆ క్షణమే తయారవదు. అల కొన్నిసార్లు వెళ్లి వచ్చి కుదురుకోవాలి, పైగా వేలు లేవడానికే కొంత టైమ్ పడుతుంది. మొత్తం మీద కొన్ని పదుల మిల్లీసెకన్లు. ఆ కాస్త సేపట్లో శబ్దం ఆగదు, కొంచెం మసకబారి మళ్లీ తేరుకుంటుంది. మన చెవికి అది విడిగా వినపడదు గానీ, లేకపోతే మాత్రం వెంటనే తెలిసిపోతుంది, పప్పులో ఉప్పు లేనట్టు.

ఆ పెళ్లి నుంచి వారాసిగూడలో ఇంటికొచ్చి పడుకోకుండా హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. అన్నేళ్లు వాయించాను గానీ మాన్యువల్ అంటూ ఒకటుందని, అది కీబోర్డు అట్టపెట్టె అడుగున ఉందని అప్పుడే గుర్తొచ్చింది.

మొదట మార్చింది మోనో, అంటే ఒకేసారి ఒక్క స్వరమే పలికే ఏర్పాటు. మామూలుగా కీబోర్డు ఒకేసారి ఎన్ని మీటలు నొక్కితే అన్నీ పలుకుతుంది. సన్నాయి ఒకేసారి రెండు స్వరాలు పలకదు కదా, రెండు మీటలు కాస్త కలిశాయంటే ఇద్దరు మనుషులు ఊదినట్టు వినిపిస్తుంది. అలా వినపడకూడదని నేనేం చేసేవాణ్ణంటే, రెండో మీట నొక్కేలోపే మొదటి వేలు ఎత్తేసేవాణ్ణి. నత్తి అక్కడే పుట్టింది. మెషీన్ తు అంటోంది సరే, ఆ తు ముందు ఖాళీ పెట్టింది నా వేలే. మోనో పెట్టి దానితోపాటు లెగాటో అనేది ఆన్ చేస్తే కథ తిరగబడుతుంది. మొదటి మీట వదలకుండానే రెండోది నొక్కాలి, అప్పుడు మెషీన్ స్వరాన్ని మొదటి నుంచి మొదలుపెట్టదు, నడుస్తున్న శబ్దాన్నే కొత్త స్వరానికి తీసుకెళుతుంది. నాకు తు కావాలనుకున్న చోట వేలు ఎత్తి నొక్కుతాను, వద్దనుకున్న చోట అతికించి నొక్కుతాను. అంటే తాతగారి నాలుక చేసే పని నా వేళ్లు చేయాలి. చదవడానికి రెండు వాక్యాలే గానీ, పదమూడేళ్ల అలవాటు వదిలించుకోవడానికి నాకు ఒక శ్రావణం, ఒక మాఘం పట్టింది. మాఘంలో కూడా టెన్షన్ వస్తే పాత వేళ్లే పడేవి.

తర్వాత పోర్టమెంటో. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుకుంటూ వెళ్లే ఏర్పాటు ఇది. దొరికింది కదా అని బాగా పెంచేశాను. మర్నాడు తార్నాకలో ఒక గృహప్రవేశంలో అదే పెట్టి వాయిస్తే, గేటు దగ్గర నిలబడిన ఇంటాయన అంబులెన్స్ వస్తోందేమోనని రోడ్డు మీదికి వెళ్లి చూసొచ్చాడు. అబద్ధం కాదండి. తప్పు ఏంటో తర్వాత అర్థమైంది. ఊపిరి తెంపకుండా స్వరం మార్చడం వేరు, జారు వేరు. వేణువు మీద వేలు చటుక్కున ఎత్తితే స్వరం మధ్యలో ఉన్నవన్నీ తడుముకుంటూ వెళ్లదు, ఇక్కణ్ణుంచి అక్కడికి దూకుతుంది, ఊపిరి మాత్రం తెగదు. జారు కావాలంటే వాయించేవాడు వేలు నెమ్మదిగా జరిపి, రంధ్రం సగం తెరిచి, ఊపిరి బిగించో వదిలో కావాలని చేస్తాడు, అది అన్ని చోట్లా చేయడు. కీబోర్డు వాళ్లలో సగం మంది ఈ రెంటినీ ఒకటే అనుకుని ప్రతి స్వరానికీ జారు తగిలిస్తారు. నత్తి పోయి నాలుక మడతపడుతుంది, అంతే తేడా.

నా లెక్క చెబుతాను, వాడుకునేవాళ్లు వాడుకోండి. పోర్టమెంటో 30, 40 మిల్లీసెకన్లు దాటనివ్వను. దూరం ఎంతున్నా ఒకే టైమ్ తీసుకునే పద్ధతిలో పెడతాను. రెండో పద్ధతిలో దూరాన్ని బట్టి టైమ్ పెరుగుతుంది, స నుంచి రి చటుక్కున వెళ్లి స నుంచి ప ఈడ్చుకుంటూ పోతుంది. వేలు ఎత్తేవాడికి రి అయినా ప అయినా ఎత్తడం ఒకటే కదా. జారు కోసం, స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రం ఉంది, అక్కడ ఇంకో చిక్కు. ఫ్యాక్టరీ నుంచి అది మామూలుగా అటు రెండు, ఇటు రెండు అరస్వరాలకే (పక్కపక్క మీటల మధ్య దూరం ఒక అరస్వరం) సరిపోయేలా వస్తుంది. స నుంచి ప దాకా జారాలంటే ఏడు కావాలి. అందుకని పన్నెండుకి పెంచుతాం. మిడి పద్ధతిలో ఈ చక్రానికి 16,384 మెట్లు ఉంటాయి, అంత సన్నగా ఉంటే ఇబ్బందే లేదు. కానీ చౌక కీబోర్డుల్లో కొన్ని 128 మెట్లే పంపుతాయి. రెండు అరస్వరాలకి పెట్టినప్పుడు ఒక్కో మెట్టు మూడు సెంట్లు, అంటే పక్కపక్క మీటల మధ్య దూరంలో నూటికి మూడు వంతులు, తెలియదు. పన్నెండుకి పెంచితే ఒక్కో మెట్టు దాదాపు 19 సెంట్లు అవుతుంది, అప్పుడు జారు నున్నగా పోదు, బ్యాగు జిప్పు లాగినట్టు గరగరమంటుంది. అందుకే నేను అయిదు దగ్గర ఆపేశాను. ప దాకా జారాల్సి వస్తే రి మీద ఒక మీట నొక్కి అక్కణ్ణుంచి లాగుతాను. సన్నాయి రికార్డింగుని మరీ ఎక్కువ లాగినా బాగుండదు, గొట్టం గొంతు కూడా స్వరంతోపాటు సాగిపోయి చిన్నపిల్లాడు ముక్కుతో పాడినట్టవుతుంది.

చిన్నది గానీ చాలా పనిచేసింది ఇంకోటుంది. స్వరం నిలిపినప్పుడు వచ్చే వణుకు. కీబోర్డులో అది ప్రతి మీటకీ మొదటి నుంచి లెక్క మొదలుపెడుతుంది, కాస్త ఆగి, మెల్లగా మొదలై, పెరిగి, మళ్లీ తర్వాత మీటకి అదే వరస. నాలుగు స్వరాలకి నాలుగుసార్లు అదే వణుకు అదే చోట. నిజం మనిషి వణుకు అతని ఊపిరిది, స్వరం మారినా అది నడుస్తూనే ఉంటుంది. మీటతో కలిపి మొదలయ్యే ఆ ఏర్పాటు ఆపేస్తే సరి. ఒక్క నొక్కుతో అయిపోయింది, పదమూడేళ్లు ఎందుకు చేయలేదో నాకే తెలీదు.

ఇక ఊపిరి. కాలికింద ఒక ఎక్స్‌ప్రెషన్ పెడల్ పెట్టాను. అందరూ దాన్ని వాల్యూమ్‌కి వాడతారు. సన్నాయికి ఉత్త వాల్యూమ్ తగ్గిస్తే పక్కింట్లో రేడియో తగ్గించినట్టు ఉంటుంది. ఎందుకంటే నెమ్మదిగా ఊదితే శబ్దం చిన్నదవడమే కాదు, పదును కూడా తగ్గుతుంది. గట్టిగా ఊదితే పీక, అంటే సన్నాయి మొనన నోట్లో పెట్టుకునే రెల్లు ముక్క, బిగుసుకుని పై ధ్వనులు లేస్తాయి. కాబట్టి పెడల్‌కి వాల్యూమ్‌తోపాటు పదును తగ్గించే ఫిల్టర్ కూడా కట్టాలి, కాలు వెనక్కి వస్తే రెండూ తగ్గాలి. స్వరం మారే చోట కాలు ఇంత, ఒక గోరంత, వెనక్కి తీసి మళ్లీ నొక్కితే ఇందాక చెప్పిన ఆ మసక వస్తుంది. ఇది నోటితోనే చేయాలనుకునే వాళ్లకి యమహా వాళ్లు 1983లో డీఎక్స్7 కీబోర్డుకే ఊదే పరికరం తగిలించుకునే రంధ్రం ఇచ్చారు. మన దగ్గర పెళ్లి స్టేజీ మీద అది నోట్లో పెట్టుకుని కూర్చున్నవాణ్ణి మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు.

గాలి చప్పుడు గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం. దగ్గర కూర్చుని వింటే ఏ ఊదే వాయిద్యంలోనైనా స్వరం కింద సన్నగా ఒక సర్రు ఉంటుంది. స్వరాలు మారినా ఆ సర్రు ఆగదు. కీబోర్డులో అది కూడా స్వరంతో పాటే ముక్కలు ముక్కలుగా రికార్డయి ఉంటుంది కాబట్టి, స్వరం తెగిన చోటల్లా గాలి కూడా తెగుతుంది. నేను ఫోన్‌లో నా ఊపిరే రికార్డు చేసి, రెండో పొరగా పెట్టి, మీటలతో సంబంధం లేకుండా పెడల్‌కి మాత్రమే కట్టాను. వాల్యూమ్ చాలా తక్కువ, ఉందో లేదో అన్నంత. రాత్రి పదకొండింటికి నేను గ్లాసులోకి ఊదుతూ రికార్డు చేస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి "కుక్కర్ నేను పెట్టలేదే" అంటూ వచ్చింది. ఆ సర్రు పెట్టిన రోజు నుంచే స్వరానికీ స్వరానికీ మధ్య అతుకులు సగం మాయమయ్యాయి, మిగతా సెట్టింగులన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు.

సౌండ్ సిస్టమ్ తమ్ముళ్ల వైద్యం వేరే ఉంటుంది, ఎకో పెంచేస్తారు. నిజమే, ఎకోలో అతుకులు కనపడవు. గోడకి పగులుంటే క్యాలెండర్ తగిలించినట్టు.

కంప్యూటర్ మీద చేసే కుర్రాళ్లకి ఒక మాట. రెండు రికార్డింగులని ఒకదాంట్లోకి ఒకటి కలిపేస్తే అతుకు పోతుందనుకుంటారు. ఊరికే కలిపితే ఆ 40 మిల్లీసెకన్లు రెండు స్వరాలూ కలిసి వినపడతాయి, మళ్లీ ఇద్దరు మనుషులు. పాత స్వరాన్ని కొత్తదాని వైపు, కొత్తదాన్ని పాతదాని దగ్గర నుంచి వంచి, కలిసే చోట రెండూ ఒకే ఎత్తులో ఉండేలా చేయాలి. అప్పుడు ఇంకో సమస్య లేస్తుంది. ఒకే ఎత్తులో ఉన్న రెండు అలలు ఎదురెదురుగా పడితే ఒకదాన్నొకటి తినేస్తాయి, సరిగ్గా అతుకు మధ్యలో గుంట పడుతుంది. అలల్ని వరసలో పెట్టుకుని కలపాలి. వరసలో ఉంటే ఒకటి తగ్గినంతా ఇంకోటి పెరిగేలా సూటి గీతలో కలపొచ్చు. వరస కుదరకపోతే ఆ సూటి గీత మధ్యలో 3 డెసిబెల్స్ పడిపోతుంది, అప్పుడు గీతని వంచి శక్తి సమానంగా ఉండేలా కలపాలి. మా పక్కింటి అబ్బాయి హైటెక్ సిటీలో పనిచేస్తాడు, వాడు నాకు ఒక ఆదివారం ఇది తెరమీద గీసి చూపించాకే బుర్రకెక్కింది. వాడే ఇంకోటి చూపించాడు, 2020లో గూగుల్ పరిశోధకులు బయటపెట్టిన డీడీఎస్‌పీ అనేది. మనం నోటితో రాగం తీస్తే, అందులోంచి స్వరం ఎత్తు, గట్టితనం గీతలుగా తీసుకుని వేణువులా పలికిస్తుంది. విడి స్వరాలే లేవు కాబట్టి అతుకుల గొడవే లేదు. నేను చూసినప్పుడు అందులో ఫ్లూట్, వయొలిన్, శాక్సోఫోన్, ట్రంపెట్ ఉన్నాయి. సన్నాయి లేదు. అంతకుముందే 1994లో యమహా వాళ్లు వీఎల్1 అని ఒకటి తెచ్చారు, స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన లెక్కలతో. అందులో రికార్డింగే లేదు, గొట్టంలో గాలి ఎలా తిరుగుతుందో అదే లెక్క కట్టి శబ్దం పుట్టిస్తుంది. అంటే దారి ఉంది, ఎప్పటి నుంచో ఉంది, ఆ దారిలో మన వాయిద్యం నాకు ఎదురుకాలేదు, అంతే.

ఇప్పుడు మల్కాజ్‌గిరి పెద్దమనిషి గారికి నేరుగా. ఇన్ని చేశాక నా సన్నాయి నిజం సన్నాయి అయిపోయిందని నేను అనడం లేదు. మోహనం, హిందోళం వరకు నెట్టుకొస్తాను. తోడి అడగొద్దు. తోడిలో గాంధారం ఒక చోట నిలిచే స్వరం కాదు, ఊగుతూనే ఉండాలి, ఆ ఊపులోనే రాగం ఉంది. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం రికార్డింగులు దొరుకుతాయి, ఒక ఆలాపన పెట్టుకుని స్వరం నుంచి స్వరానికి ఎక్కడ మారారో వేలు పెట్టి చూపించండి చూద్దాం. వేళ్లాడే రంధ్రాలు ఏడే, మిగతాదంతా ఊపిరి, పెదవి, సగం మూసిన వేళ్లు. వేణువు సంగతీ అంతే, మాలి అని అందరూ పిలుచుకునే టి.ఆర్. మహాలింగం వేళ్లు పెట్టే తీరే మార్చి, గొంతులో పలికే గమకాల్ని, అంటే స్వరం ఊపుల్ని, వెదురులోకి తెచ్చారని చెప్తారు. అంటే నిజం వాయిద్యం మీద కూడా ఈ అతుకు దానంతటదే పోలేదు, దాని మీద కూర్చుని పనిచేసినవాళ్లు ఉన్నారు. నా పెట్టె మీద పనిచేయకుండా పెట్టెని తిట్టడం నాకు నచ్చలేదు.

నిషేధం అంటారా, మేళాన్ని పిలవగలిగిన వాళ్లు పిలవండి, నేనే నంబరు ఇస్తాను, నిజం చెబుతున్నాను. మా పెద్దమ్మాయి పెళ్లికి నేను పిలిచేది కూడా మేళాన్నే. కానీ నన్ను పిలిచేవాళ్లలో చాలామందికి హాలు అద్దె, భోజనాలు, ఫొటోలు పోను మంగళవాయిద్యానికి మిగిలేది నా ఒక్కడికి ఇచ్చేంతే. వాళ్ల ఇంట్లో పెళ్లి సన్నాయి లేకుండా జరగాలా, నత్తి సన్నాయితో జరగాలా, నత్తి లేనిదానితో జరగాలా, ఇదే అసలు లెక్క.

నేను మీ పత్రిక ద్వారా అడిగేది వేరు. ఈ ఊళ్లో రామ్‌కోఠిలో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, మెట్రో ఎక్కితే గంటలోపు ఇంజనీర్లు ఉన్న చోటికి చేరతాం. ఒక సన్నాయిని స్వరాలుగా కాకుండా అతుకులతో సహా రికార్డు చేయడానికి ఎంత పడుతుందో నేను లెక్కేశాను. రెండు స్థాయిల్లో (స నుంచి పై స దాకా ఒక స్థాయి) 25 స్వరాలు, ప్రతి స్వరం నుంచి పైకీ కిందికీ ఒక స్థాయి దూరం దాకా వెళ్లే అతుకులు మొత్తం 444. నెమ్మది, మధ్యమం, గట్టి అని మూడు రకాల ఊపిరికి 1,332. ఒక్కోదానికి పది సెకన్లు వేసుకున్నా నాలుగు గంటల లోపే, పీక తడుపుకోవడం, టీలు, తప్పులు కలిపితే నాలుగైదు మధ్యాహ్నాలు. గమకాలు దీనికి అదనం, అవి రాగం రాగానికీ వేరు, ఆ జాబితా నాలాంటివాడు వేయలేడు, వాయించే పెద్దలే వేయాలి.

అలా రికార్డు చేసేటట్టయితే ఊదిన మనిషి పేరు దాని మీద ఉండాలి, డబ్బు ఒక్క రోజు కూలీలా కాకుండా అమ్మినన్నాళ్లూ రావాలి. నా కీబోర్డులో ఉన్న సన్నాయి ఎవరు ఊదారో నాకు తెలియదు. పందొమ్మిదేళ్లుగా అతని ఊపిరి అద్దెకిచ్చి నేను బియ్యం కొనుక్కుంటున్నాను, ఆ మనిషికి ఆ రోజు స్టూడియోలో ఎంత ఇచ్చారో ఏమో. మల్కాజ్‌గిరి ఉత్తరంలో ఈ మాట ఉంటుందేమోనని చివరిదాకా వెతికాను, లేదు.

పేరు వేయకండి, ముహూర్తాలు ఉన్న నెల. సెట్టింగులు అడగాలనుకునే తోటి కీబోర్డు వాళ్లు పెళ్లిలో కనపడితే భోజనాల టైమ్‌లో పట్టుకోండి, స్టేజీ మీద ఉన్నప్పుడు మాత్రం వద్దు, రెండు చేతులూ ఒక కాలూ ఖాళీ ఉండవు.

ఇట్లు,
ఒక కీబోర్డు వాయిద్యకారుడు,
వారాసిగూడ, హైదరాబాద్